ఆర్నెట్ కోల్మన్ శాక్సోఫోన్‌లో ఆధారస్వరం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (మైలాపూరు నుంచి)

అందరికీ నమస్కారం. పాతికేళ్లుగా మైలాపూరులో ఉంటూ, డిసెంబరు కచేరీలను ఒక్క ఏడాది కూడా వదలకుండా వింటున్నాను. శాక్సోఫోన్ అంటే నాకు, దాని మీద కర్ణాటక సంగీతం వాయించిన కద్రి గోపాల్‌నాథ్ గారి నాదమే. మా అబ్బాయి మొన్న అమెరికా జాజ్ శాక్సోఫోన్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్మన్ చేసిన ‘ఫ్రీ జాజ్’ రికార్డు వినిపించాడు. ఏ స్వరాన్ని ఆధారం చేసుకుని వినాలో తెలియక పది నిమిషాలకే ఆపించేశాను. అయినా ఆ గోల మధ్యలో ఒక పిలుపు లాంటిది వినిపించి, రెండు రోజులుగా మనసును వదలడం లేదు. ఆయన సంగీతం సరిగా నేర్చుకోకుండానే వాయించారా, లేక నేర్చుకున్నాక కావాలనే కట్టుబాట్లను విడిచిపెట్టారా? నాలాంటివారు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (అడయారు నుంచి)

అమ్మా, మీరు అడిగిన రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కోల్మన్ 1930 మార్చి 9న టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో పుట్టి, శాక్సోఫోన్‌ను చాలావరకు తనంతట తానే నేర్చుకున్నారు. ఆల్టో శాక్సోఫోన్ మీద కాగితంలో ‘సి’ అని రాసినది వాయిస్తే, పియానో మీది ‘ఇ ఫ్లాట్’ పలుకుతుంది. నేను మూడేళ్లుగా ఈ వాద్యం నేర్చుకుంటున్నాను. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని మొదటిసారి ఊదినప్పుడు, వేళ్లు సరిగ్గానే పడుతున్నా నాదం మరెక్కడో పలకడంతో వాద్యమే చెడిపోయిందనుకున్నాను. కోల్మన్ చిన్నతనంలో ఈ లెక్కనే తప్పుగా అర్థం చేసుకున్నారు. తప్పు తెలిశాక దానిని దిద్దుకుని ఊరుకోకుండా, స్వరానికి ఆ పేరు, ఆ చోటు ఎలా వచ్చాయన్న ఆలోచనలో పడ్డారు. ఆయన మార్గమంతా అక్కడే మొదలైందని నా నమ్మకం.

ఆ మార్గం ఆయనకు సుఖంగా సాగలేదు. యువకుడిగా ఊరూరా తిరిగి వాయిస్తున్న రోజుల్లో, లూయిజియానాలోని బేటన్ రూజ్‌లో కొందరు ఆయనను కొట్టి వాద్యాన్ని పాడుచేశారు. లాస్ ఏంజెలెస్‌లో లిఫ్టు నడిపే ఉద్యోగం చేస్తూ, ఖాళీ దొరికినప్పుడల్లా సంగీతశాస్త్ర పుస్తకాలు చదువుకునేవారు. ఇత్తడి వాద్యం కొనే స్తోమత లేక తెల్లని ప్లాస్టిక్ శాక్సోఫోన్ కొనుక్కున్నారు. తరువాత దాని నాదమే నచ్చి, పేరు వచ్చాక కూడా చాలాకాలం దానినే వాయించారు.

అప్పటి జాజ్‌లో పియానో వరుసగా మార్చుకుంటూ పోయే కార్డ్‌లను (ఒకేసారి కలిపి పలికించే స్వరాల గుంపులను) అనుసరించే కల్పన సాగేది. 1959లో రికార్డు చేసిన ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’లో ఆయన పియానోనే తీసేశారు. పల్లవి లాంటి ఒక చిన్న రాగవరుస వాయించి, ఆపైన దాని భావం ఎటు నడిపిస్తే అటు వెళ్లారు. అదే ఏడాది నవంబరులో న్యూయార్కులోని ఫైవ్ స్పాట్ అనే జాజ్ క్లబ్బులో వాయించినప్పుడు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పేరున్న లెనార్డ్ బెర్న్‌స్టీన్ వంటివారు మెచ్చుకున్నారు, పేరున్న కొందరు జాజ్ విద్వాంసులు ఎద్దేవా చేశారు. ఆయన మాత్రం తన దారి మార్చుకోలేదు.

మీరు విన్నది 1960 డిసెంబరు 21న రికార్డు చేసినది. దాదాపు 37 నిమిషాల పాటు ఇద్దరు డ్రమ్మర్లు, ఇద్దరు బేస్ వాద్యకారులతో రెండు బృందాలు ఒకేసారి వాయిస్తాయి. ఎడమవైపు కోల్మన్ బృందం, కుడివైపు ఎరిక్ డాల్ఫీ ఉన్న బృందం వినిపిస్తాయి. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ముందు ఎడమ చెవితో మాత్రమే వినండి.

జవాబు (పెరంబూరు నుంచి)

పై మిత్రుల మాటలతో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలనుకుంటున్నాను. దీనిని మన ఆలాపనతో పోల్చుకుంటూ వింటే నిరాశే మిగులుతుంది. ఆలాపనలో ఎంత దూరం వెళ్లినా రాగలక్షణం మనల్ని విడిచిపెట్టదు, షడ్జం ఎప్పుడూ చెవిలో ఉంటుంది. ఇక్కడ అలాంటి హద్దు ముందుగా గీసి ఉండదు. ఒకరు వాయించినది విని రెండోవారు అప్పటికప్పుడు తన దారి నిర్ణయించుకుంటారు.

నేను మృదంగం వాయించేవాడిని కనుక, ‘ది షేప్ ఆఫ్ జాజ్ టు కమ్’లోని ‘లోన్లీ వుమన్’తో మొదలుపెట్టమంటాను. అందులో డ్రమ్మర్ బిల్లీ హిగిన్స్ సింబల్స్ (ఇత్తడి పళ్లేలు) మీద వేగంగా నడుస్తుంటే, దానిపైన కోల్మన్ శాక్సోఫోన్, డాన్ చెర్రీ ట్రంపెట్ కలిసి ఆ నడకతో పనిలేనట్టుగా, నిదానంగా, ఏడుపు గొంతుతో పాడుతాయి. ఎడుపు (తాళంలో పాట ఎత్తుకునే చోటు) ఎక్కడ పడుతుందోనని వేళ్లు లెక్కపెట్టకండి. రెండు వేగాలనూ ఒకేసారి చెవిలో ఉంచుకోగలిగితే చాలు.

జవాబు (టి.నగర్ నుంచి)

కద్రి గారి పేరు వచ్చింది కనుక చెబుతున్నాను. ఆయన, అమెరికాకు చెందిన ఆల్టో శాక్సోఫోన్ వాద్యకారులు రుద్రేశ్ మహంతప్ప కలిసి చేసిన ‘కిన్స్‌మెన్’ ఆల్బమ్ 2008లో వచ్చింది. మీకు తెలిసిన నాదం నుంచి తెలియని వైపు వెళ్లడానికి అది మంచి వంతెన. కోల్మన్‌కు గుర్తింపు ఆలస్యంగానే వచ్చింది: ‘సౌండ్ గ్రామర్’ ఆల్బమ్‌కు 2007లో పులిట్జర్ బహుమతి ఇచ్చారు. 2015 జూన్ 11న 85 ఏళ్ల వయసులో మరణించారు.

ప్రశ్న అడిగినవారు (మైలాపూరు)

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మేడ మీద కూర్చుని ‘లోన్లీ వుమన్’ మూడుసార్లు విన్నాను. మొదటిసారి అలవాటు చొప్పున తొడ మీద తాళం వేయబోయి, పెరంబూరు వారి మాట గుర్తొచ్చి చెయ్యి ఆపేశాను. మూడోసారి ఆ రాగవరుస తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టాను. ఆ తరువాత ‘ఫ్రీ జాజ్’ను ఎడమ చెవితో పెట్టుకుని, ఈసారి ఆపకుండా చివరిదాకా విన్నాను. రేపు కుడి చెవితో వింటాను.