‘గుర్తుపట్టు’లో పట్టు ఎంత, గుర్తు ఎంత?

అడిగిన సభ్యుడు:
అందరికీ నమస్కారం. క్యాన్సర్ మీదికి టీ కణాలను (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు) ఎలా తయారుచేసి వదులుతారో ఒక వ్యాసం రాస్తున్నాను. టీ కణం మీద ఉండి ఎదుటి కణాన్ని గుర్తించే రిసెప్టర్‌కు పాఠ్యపుస్తకాల్లోని ‘గ్రాహకం’ సరిపోయింది. అది ఎంత గట్టిగా అతుక్కుంటుందో చెప్పే ‘అఫినిటీ’ దగ్గర ఆగిపోయాను. నిఘంటువు సంబంధం, బంధుత్వం అంటోంది. ‘గ్రాహకానికి క్యాన్సర్ ప్రోటీన్ ముక్కతో బంధుత్వం పెంచారు’ అని రాస్తే పెళ్లి కుదిర్చినట్టుంది!

తెలుగు మాస్టారు:
‘పట్టు’ అనండి, సరిపోతుంది. గ్రాహకంలోని గ్రహ్ ధాతువుకు అర్థం పట్టుకోవడమే. ‘గ్రహణం పట్టింది’లో ఉన్నదీ అదే, ‘విషయం గ్రహించాడు’లో ఉన్నదీ అదే. చేత్తో పట్టడం, బుద్ధితో పట్టడం రెండూ ఆ ధాతువులో ఉన్నాయి. మన ‘గుర్తుపట్టు’ కూడా ఆ దారిదే.

ల్యాబులో పనిచేసే సభ్యురాలు:
మాస్టారూ, ఆ మాట మా పనికి అతికినట్టు సరిపోయింది. కణం లోపలి ప్రోటీన్లు చిన్న ముక్కలై, హెచ్ఎల్ఏ అనే అణువు మీద కూర్చుని పైకి కనిపిస్తాయి. ముక్క పొడవు మామూలుగా 8 నుంచి 10 అమినో ఆమ్లాలు (ప్రోటీన్ గొలుసులోని పూసలు అనుకోండి). టీ కణం దాన్ని తడిమి చూసి, తనకు పనికొచ్చేది కాకపోతే క్షణాల్లో వదిలేసి ఇంకో కణం దగ్గరికి పోతుంది. యాంటీబాడీతో పోలిస్తే దాని పట్టు వేల రెట్లు తక్కువ. మన సొంత ముక్కల్ని గట్టిగా పట్టే టీ కణాలను ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి ముందే ఏరిపారేస్తుంది (టీ కణంలోని ‘టీ’ ఆ థైమస్‌దే). క్యాన్సర్ కణం చూపించే ముక్కలు చాలావరకు మన సొంత ప్రోటీన్లవే. అందుకని మిగిలిన గ్రాహకాలకు వాటి మీద పట్టు చాలదు. గ్రాహకంలో అక్కడక్కడా అమినో ఆమ్లాలు మార్చి పట్టు పెంచేది ఇందుకే.

ఇప్పుడు మీ మాటకు వస్తాను. మేజ్-ఏ3 అనే క్యాన్సర్ ప్రోటీన్ ముక్క కోసం అలా పట్టు పెంచిన గ్రాహకం ఒకటుంది. దాన్ని తొడిగిన టీ కణాలు ఎక్కించాక ఇద్దరు రోగులు వారం తిరక్కుండానే గుండె దెబ్బతిని చనిపోయారు. ఆ వివరాలు 2013లో బయటికొచ్చాయి. గుండె కండరంలోని టైటిన్ ప్రోటీన్ ముక్కనూ ఆ గ్రాహకం పట్టేసింది. రెండు ముక్కల్లోనూ 9 అమినో ఆమ్లాలు, అందులో 5 ఒకే చోట ఒకటే. ముందు చేసిన పరీక్షల్లో ఇది దొరకలేదు. తరవాత ల్యాబులో కొట్టుకుంటున్న గుండె కణాల మీద పెట్టి చూస్తే దొరికింది. పట్టు పెరిగింది, గుర్తు పోయింది.

మరో సభ్యుడు:
వినడానికి బాగుంది కానీ, ‘గుర్తుపట్టు’లో ‘పట్టు’ అర్థం ఎప్పుడో అరిగిపోయింది కదండీ. నిద్ర పట్టింది అంటే ఎవరు ఎవర్ని పట్టారు? ‘పసిగట్టు’ పెడితే?

తెలుగు మాస్టారు:
అరిగిన మాట నిజమే, అందుకే అందరి నోటా ఆడుతోంది. ‘పసి’ అంటే వాసన. పసిగట్టడం దూరం నుంచి జరిగే పని. ఆవిడ చెప్పినదాన్నిబట్టి టీ కణం ముట్టుకుంటే తప్ప తెలుసుకోలేదు. ఆ ముక్కకు మాత్రం ‘ఆనవాలు’ అనండి. హనుమంతుడు సీతకు చూపించిన ఉంగరం లాంటిది: చిన్నదే, కానీ ఎవరిదో చెప్పాలి.

అడిగిన సభ్యుడు:
‘ఆనవాలు’ తీసుకుంటున్నాను. కానీ పట్టు పెంచడమే తప్పన్నట్టు రాయకూడదు కదా? సైనోవియల్ సార్కోమా అనే అరుదైన క్యాన్సర్‌కు 2024 ఆగస్టులో అమెరికాలో అనుమతి వచ్చిన అఫామీ-సెల్ అనే టీ కణాల చికిత్సలోనూ పట్టు పెంచిన గ్రాహకమే ఉంది. దాని గురి మేజ్-ఏ4 అనే ఇంకో క్యాన్సర్ ప్రోటీన్.

ల్యాబులో పనిచేసే సభ్యురాలు:
అలా రాయకండి. ఎంత పెంచారు, ఇంకేయే ముక్కల్ని పడుతోందో వెతికారా అన్నదే లెక్క.

అడిగిన సభ్యుడు:
ఇంకొక్కటి. గ్రాహకంలో ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులు. కొత్తగా పెట్టిన ఆల్ఫా పోయి కణంలో ముందునుంచీ ఉన్న బీటాతో కలిస్తే ‘జత తప్పింది’ అనొచ్చా?

తెలుగు మాస్టారు:
జత తప్పితే ఒంటరిగా మిగిలినట్టు. ఇది వేరేదానితో కలిసింది కాబట్టి ‘జత మారింది’.