టెన్నిస్‌లో లెంగ్లెన్, రయాన్ జోడీ: ఆ గెలుపుల్లో ఎవరి వాటా ఎంత?

పాతస్కోరు
వేరే చర్చలో ఒకరు "వింబుల్డన్‌లో 19 టైటిళ్లు గెలిచిన ఎలిజబెత్ రయాన్ పేరు ఎవరికీ తెలియకపోవడం అన్యాయం" అని రాశారు. నాకైతే అందులో అన్యాయమేమీ కనిపించలేదు. ఆ 19లో 12 మహిళల డబుల్స్, 7 మిక్స్‌డ్ (ఆడ, మగ కలిసి ఆడే) డబుల్స్. సింగిల్స్ ఒక్కటీ లేదు. వింబుల్డన్‌లోనే కాదు, ఏ గ్రాండ్‌స్లామ్‌లోనూ లేదు. పైగా ఆ 12 డబుల్స్‌లో ఆరు (1919 నుంచి 1923 దాకా వరసగా ఐదు, మళ్లీ 1925లో ఒకటి) సుజాన్ లెంగ్లెన్ పక్కన ఆడి గెలిచినవి. ఆ రోజుల్లో లెంగ్లెన్‌ని ఓడించడం ఎవరి తరమూ కాదు. ఆమె పక్కన ఎవర్ని నిలబెట్టినా ఆ కప్పులు వచ్చేవి. కాదంటారా, చెప్పండి.

వాలీవసుధ
కాదంటాను. "ఎవర్ని నిలబెట్టినా" అన్నారు కదా, నిలబెట్టి చూశారు కూడా. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్. ఒలింపిక్స్‌లో మహిళల డబుల్స్ మొదటిసారి పెట్టింది అక్కడే. లెంగ్లెన్ ఫ్రాన్స్, రయాన్ అమెరికా, కలిసి ఆడే వీల్లేదు. లెంగ్లెన్ తన దేశానికే చెందిన ఎలిజబెత్ దాయెన్‌తో ఆడింది. సెమీస్‌లో కిట్టీ మెక్‌కేన్, వినిఫ్రెడ్ మెక్‌నైర్‌ల చేతిలో ఓడి కాంస్యంతో సరిపెట్టుకుంది. స్వర్ణం వాళ్లకే వెళ్లింది. మెక్‌నైర్‌కి అప్పటికి 43 ఏళ్లండీ! అవే పోటీల్లో సింగిల్స్‌లో లెంగ్లెన్ మొత్తం మీద నాలుగంటే నాలుగు గేమ్‌లు వదులుకుని స్వర్ణం కొట్టింది. మరి డబుల్స్‌లో ఏమైంది?

ఇంకోటి 1926 వింబుల్డన్. ఫ్రాన్స్ సమాఖ్య పట్టుబట్టి లెంగ్లెన్‌ని దీదీ వ్లాస్తోతో ఆడించింది. రయాన్ వెళ్లి మేరీ బ్రౌన్‌తో జతకట్టింది. ఆ రెండు జోడీలే ఎదురుపడ్డాయి. లెంగ్లెన్ వాళ్లు మ్యాచ్ పాయింట్ దాకా (ఇంకొక్క పాయింట్ వస్తే గెలుపే) వచ్చి కూడా 6-3, 7-9, 2-6తో ఓడారు. కప్పు రయాన్, బ్రౌన్‌లకే వెళ్లింది.

నెట్‌కార్డ్
43 ఏళ్లకి ఒలింపిక్ స్వర్ణమా! నాకు మెట్లెక్కితేనే ఆయాసం.

పాతస్కోరు
వసుధ గారూ, 1926 లెక్కలోకి రాదు. ఆ వారం ఏం జరిగిందో మీకూ తెలుసు. బ్రిటన్ రాణి మేరీ వచ్చి కూర్చుంటే లెంగ్లెన్ ఆలస్యంగా వచ్చింది, పెద్ద గొడవైంది, మ్యాచ్ మర్నాటికి వాయిదా పడింది. అంత టెన్షన్‌లో ఆడిన ఆటని తూకానికి పెడతారా? వ్లాస్తోతోనే 1925లో, 1926లో ఫ్రెంచ్ డబుల్స్ టైటిళ్లు గెలిచింది, దాని ఊసెత్తలేదేం?

ఇక రయాన్ లెంగ్లెన్ లేకుండా గెలిచిన మిగతా ఆరు చూడండి. 1926 బ్రౌన్‌తో. బ్రౌన్ 1912, 13, 14 అమెరికా సింగిల్స్ ఛాంపియన్. 1927, 1930 హెలెన్ విల్స్‌తో. ఆవిడ సింగిల్స్‌లో ఎంత పెద్ద ఛాంపియనో చెప్పేదేముంది. 1933, 34 సిమోన్ మాథ్యూతో. ఆమె తర్వాత ఫ్రెంచ్ సింగిల్స్ రెండుసార్లు గెలిచింది. అందరూ సొంతంగా సింగిల్స్ గెలిచినవాళ్లే. గెలవనిది రయాన్ ఒక్కతే. 1914 నాటి అగాథా మోర్టన్‌ని వదిలేద్దాం.

వాలీవసుధ
ఎందుకు వదిలేద్దాం?

పాతస్కోరు
ఒక్క ఏడాది కాబట్టి.

వాలీవసుధ
ఒక్క ఏడాదే అయినా మీ లెక్క చెడగొట్టేది అదే కాబట్టి వదిలేద్దామంటున్నారు. 1914కి లెంగ్లెన్ వింబుల్డన్ గడప తొక్కలేదు. మోర్టన్ సింగిల్స్ ఛాంపియన్ కాదు. ఫైనల్లో ఎదురుగా ఉన్నది ఎథెల్ లార్‌కోంబ్ (1912 వింబుల్డన్ సింగిల్స్ విజేత), ఎడిత్ హానమ్ (1912 ఒలింపిక్స్ ఇండోర్ స్వర్ణం). రయాన్, మోర్టన్ 6-1, 6-3తో కొట్టేశారు. ఆ "పక్కన నిలబడ్డ మనిషి" అక్కడ ఎవరండీ?

పాతస్కోరు
1914 నాటికి వింబుల్డన్‌లో మహిళల డబుల్స్ ఛాంపియన్‌షిప్ హోదాతో మొదలై రెండో ఏడాది. 1913లో తొలి ఫైనల్ ఎలా ముగిసిందో చూడండి. షార్లెట్ స్టెర్రీకి దెబ్బ తగిలి మధ్యలో ఆపేస్తే మెక్‌నైర్, డోరా బూత్‌బీలకు కప్పు ఇచ్చారు. అప్పటికి వాళ్లు మొదటి సెట్ ఓడి రెండోదాంట్లోనూ వెనకబడి ఉన్నారు. ఆ స్థాయి పోటీ అది.

వాలీవసుధ
ఒకరికి దెబ్బ తగిలితే పోటీ స్థాయి తక్కువైపోతుందా? పురుషుల డబుల్స్ 1884లోనే వింబుల్డన్‌కి వచ్చింది. ఆడవాళ్ల డబుల్స్‌ని 1899 నుంచి 1907 దాకా ఛాంపియన్‌షిప్ హోదా లేకుండా పక్క పోటీగా ఆడించి, మానేసి, 1913లో గానీ హోదా ఇవ్వలేదు. ఆలస్యం వింబుల్డన్ నడిపే క్లబ్బుది. తప్పు ఆడినవాళ్ల మీద వేయకండి.

చింతచెట్టు
మోర్టన్ గురించి ఇంత చర్చ జరగడం ప్రపంచంలో ఇదే మొదటిసారి అయ్యుంటుంది.

రిటైర్డ్‌హెడ్మాస్టర్
నేను కాలేజీలో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాణ్ని. జట్టులో ఐదుగురం. నేను వెనక ఉండి తీసిన బంతులన్నీ ముందున్నవాడి పేరు మీద పేపర్లో వచ్చాయి. వాడికి స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం, నాకు టీచర్ ట్రైనింగ్. కనుక నా ఓటు రయాన్‌కే.

పాతస్కోరు
మాస్టారూ, గౌరవం ఉంది గానీ ఇది ఓటింగ్ కాదు.

గడ్డికోర్టు
ఆట సంగతి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి నేను చెబుతాను. ఆ కాలపు మహిళల జోడీలు చాలావరకు ఒకరు నెట్ దగ్గర, ఒకరు వెనక బేస్‌లైన్ మీద ఉండి ఆడేవి. డబుల్స్‌కి కోర్టు రెండు పక్కలా నాలుగున్నర అడుగుల చొప్పున పెరుగుతుంది. వెనకున్న మనిషి ఎంత గొప్పదైనా, ముందున్న మనిషి వాలీ (బంతి నేల తాకకముందే కొట్టే దెబ్బ) బలహీనమైతే ఎదుటివాళ్లు బంతి ఆమె మీదికే పంపిస్తారు. రయాన్ బలమంతా వాలీలోనూ, బంతిని కోసినట్టు కొట్టే చాప్ షాట్‌లోనూ ఉంది. గడ్డి మీద ఆ చాప్ అసలు లేవదు. లెంగ్లెన్ బంతిని ఎక్కడ కావాలంటే అక్కడ పెడుతుంది, ఎదుటివాళ్లు ఎలాగోలా అందుకుని గాల్లోకి లేపుతారు, రయాన్ ముగిస్తుంది. ఇందులో పెట్టినదాని వాటా, ముగించినదాని వాటా విడదీయడం ఎలా? 1919 ఫైనల్ చూడండి. డొరోథియా లాంబర్ట్ చాంబర్స్, లార్‌కోంబ్ మొదటి సెట్ 6-4 లాగేసుకున్నారు. తర్వాత 7-5, 6-3తో వీళ్లు నిలబడ్డారు. మరుసటేడు అదే జోడీ మీద 6-4, 6-0. జోడీ కుదరడానికి పట్టిన కాలం అది.

నెట్‌కార్డ్
పాతస్కోరు గారూ, ఈ లెక్కన 2015 వింబుల్డన్ డబుల్స్ మొత్తం హింగిస్ ఖాతాలో వేసి మన సానియాకి గుండుసున్నా పెడతారా?

పాతస్కోరు
సానియాని మధ్యలోకి తేకండి.

వాలీవసుధ
తేవాలి. సింగిల్స్ గెలవనివాళ్ల గెలుపు అరువు గెలుపు అనడమే కదా మీ వాదన మొత్తం. నాకిది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. అండర్-16లో నేనూ, నా పార్ట్‌నరూ రాష్ట్ర స్థాయిలో డబుల్స్ గెలిచాం. శిక్షణ శిబిరానికి ఒక్క సీటు ఉంది. సింగిల్స్‌లో తనకి ర్యాంకు ఉంది కాబట్టి తను వెళ్లింది. కాగితం మీద నా పేరు ఎదురుగా "డబుల్స్ మాత్రమే" అని రాశారు. ఫైనల్లో నేను సర్వ్ చేసిన గేమ్ ఒక్కటి కూడా పోలేదు. ఆ మాట ఎవరూ రాయలేదు.

పాతస్కోరు
అదీ సంగతి. మీ శిబిరం సీటు కోసం వందేళ్ల కిందటి రయాన్‌ని వకీలుగా పెట్టుకున్నారన్నమాట.

వాలీవసుధ
మీకు మర్యాద తెలుసనుకున్నాను. ఆంట్‌వెర్ప్‌కి ఇంతవరకు జవాబు లేదు, మోర్టన్‌కి లేదు. ఇప్పుడు నా మీద పడ్డారు.

చింతచెట్టు
అయిపోయింది, ఇక ఈ చర్చకి తాళం పడుతుంది.

నిర్వాహకులు
తాళం వేయం. వ్యక్తుల మీదికి వెళ్లకండి. పాతస్కోరు గారూ, మీ చివరి మాట దాటేసి విషయానికి రండి.

పాతస్కోరు
సరే, విషయానికే వస్తాను. మా అమ్మాయికి 14. హైదరాబాద్‌లో ఒక అకాడమీలో చేర్చాం. నెల కిందట కోచ్ పిలిచి, "సింగిల్స్ ఎంట్రీలు ఆపేద్దాం సార్, డబుల్స్ మీద పెడదాం, సానియాని చూడండి, పూర్వం రయాన్ అని ఒకావిడ ఉండేది" అన్నాడు. సానియా 27వ ర్యాంకు దాకా వెళ్లి, గాయాలతో ఒళ్లు సహకరించక 2013లో సింగిల్స్ మానింది. మా పిల్లకి ఇంకా ఏ దెబ్బా తగల్లేదు. 14 ఏళ్లకే "నీకు సగం కోర్టే" అని చెబుతున్నారు. రయాన్ పేరు వింటే నాకు కోపం ఎందుకో ఇప్పుడు అర్థమైందా? ఆవిడ పేరు చెప్పి నా బిడ్డని పక్కకి జరుపుతున్నారు.

రిటైర్డ్‌హెడ్మాస్టర్
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే సగం గొడవ తప్పేది బాబూ.

వాలీవసుధ
మీ కోచ్‌కి రయాన్ గురించి తెలియదు. ఆవిడ సింగిల్స్ ఎప్పుడు మానింది? 1921లో వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్, లెంగ్లెన్ చేతిలో 6-2, 6-0. అది చిత్తుగా ఓడటమే, ఒప్పుకుంటాను. 1924 క్వార్టర్స్‌లో అదే లెంగ్లెన్ దగ్గర ఒక సెట్ 8-6తో లాక్కుంది. వింబుల్డన్ సింగిల్స్‌లో లెంగ్లెన్ పోగొట్టుకున్న సెట్లే రెండు, అందులో ఇదొకటి. 1926 అమెరికా సింగిల్స్ ఫైనల్లో మోలా మాలరీ మీద మూడో సెట్ 4-0తో ముందుండి, మ్యాచ్ పాయింట్ కూడా చూసి, 7-9తో ఓడింది. 1930లో 38 ఏళ్ల వయసులో మళ్లీ వింబుల్డన్ సింగిల్స్ ఫైనల్. హెలెన్ విల్స్ చేతిలో ఓడి, అదే విల్స్‌తో కలిసి ఆ ఏడాదే డబుల్స్ గెలిచింది.

ఆ కాలంలో "డబుల్స్ ప్లేయర్" అనే వేరే జాతే లేదు. ఒకే వారంలో అందరూ సింగిల్స్, డబుల్స్, మిక్స్‌డ్ మూడూ ఆడేవాళ్లు. లెంగ్లెన్ 1920, 22, 25లో వింబుల్డన్‌లో మూడూ గెలిచింది. అమెరికాలో హేజెల్ హాచ్‌కిస్ 1909, 10, 11లో వరసగా మూడేళ్లు మూడూ కొట్టింది. ఆవిడే వైట్‌మన్ అయ్యాక 1924 ఒలింపిక్స్‌లో 37 ఏళ్ల వయసులో 18 ఏళ్ల విల్స్‌తో డబుల్స్ స్వర్ణం తెచ్చింది. మీ కోచ్‌కి రయాన్ కావాలంటే అమ్మాయి పేరు రెండింటికీ రాయించమనండి.

గడ్డికోర్టు
అప్పట్లో ప్రైజ్ మనీ లేదు, ఏడాది పొడుగునా విమానాల మీద తిరగడం లేదు. మూడూ ఆడటం ఇప్పుడంత తేలిక కాదు వసుధ గారూ. కానీ 14 ఏళ్ల పిల్లకి మీ మాటే రైటు.

పాతస్కోరు
రెండింటికీ రాయిస్తే ఎంట్రీ ఫీజులు, ప్రయాణం ఖర్చులు నావి. అయినా రాయిస్తాను. కోచ్‌తో శనివారం మాట్లాడతా. ఆరు టైటిళ్ల విషయంలో మాత్రం నా మాట మారదు. లెంగ్లెన్ 1925 తర్వాత కూడా రయాన్‌తోనే ఆడుంటే లెక్క 12 దగ్గర ఆగేది కాదు, లెంగ్లెన్ అసలు లేకపోతే 12 దాకా వచ్చేది కాదు.

వాలీవసుధ
మొదటి సగం నా వాదనే. అమ్మాయి నెట్ దగ్గరికి వస్తుందా, లేక వెనకే ఉండిపోతుందా?

పాతస్కోరు
వెనకే. ముందుకి రమ్మంటే భయం.

వాలీవసుధ
అయితే డబుల్స్ మాన్పించకండి. వాలీ నేర్చుకునేది అక్కడే. మోర్టన్ గురించి జవాబు ఇంకా బాకీ ఉన్నారు మీరు.