అప్‌డేట్: ఆషాఢం తగ్గింపా, వెంకటగిరి ప్రయాణమా?

శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి మా అత్తగారికి వెంకటగిరి చీరను నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆషాఢం తగ్గింపు ఉండగానే కొనాలా, లేక వెంకటగిరికే వెళ్లాలా అని అడిగిన నాకు ఓపికగా సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. చివరకు వెంకటగిరికే వెళ్లాము. 2022లో ఆ ఊరు తిరుపతి జిల్లాలో కలిసినా, మా అత్తగారి లెక్కలో అది నేటికీ నెల్లూరు జిల్లాయే.

ముందుగా ట్రంకు రోడ్డులోనూ చూశాము. 1,999 రూపాయల చీటీని చూసి నేను వెయ్యి చిల్లర అనుకుంటుంటే, అత్తగారు రెండు వేలని తేల్చి, ఒకటి కొంటే రెండు ఉచితమన్న చోట ఆ మొదటి చీర ఎవరి కోసం నేశారో చెప్పమని అమ్మకందారునే నిలదీశారు.

అసలైన చేనేత చీరను గుర్తుపట్టడానికి మీరు చెప్పిన గుర్తులు వెంకటగిరిలో బాగా పనికొచ్చాయి. జాందానీ బుటాలు, అంటే మగ్గం మీదే నేతలో కలిపి నేసే చిన్న పూల బొమ్మలు, చీర వెనుక వైపున కూడా పోగులు వేలాడకుండా ముందువైపులాగే కనిపించాయి. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా సాగదీసి పట్టే బద్ద మొనల వల్ల పడే సన్నని రంధ్రాలు అంచుల వెంట వరుసగా ఉన్నాయి. నేతగారింట్లో తగ్గింపు లేదు, బేరానికి మాకు నోరూ రాలేదు.

అయితే తిరుగు ప్రయాణంలో అత్తగారు ట్రంకు రోడ్డులో ఆటో ఆపించి, "పెట్టుబడి చీరలకు" అంటూ ఆ ఉచితాలను కూడా తెచ్చుకున్నారు. ఇక మిగిలింది జాకెట్టు కుట్టుకూలి. మా దర్జీకి ఆషాఢం వర్తించదట.