1978 అంబాసిడర్: డ్రమ్ము బ్రేకులే ఉంచాలా, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించాలా?

బెజవాడ_మార్క్3
నాన్నగారి 1978 మార్క్ 3 అంబాసిడర్ నా చేతికొచ్చి నాలుగేళ్లయింది. ఇంజిన్ పని, రంగు పని అయిపోయాయి. బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. పోయిన నెల ఇంటిల్లిపాదీ అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటి ఎస్.కోట వైపు దిగుతున్నాం. మొదట్లో బాగానే పట్టిన బ్రేకు కొన్ని మలుపుల తర్వాత జారిపోవడం మొదలైంది. పెడల్ లోపలికి వెళ్లిపోతోంది, కాలిన వాసన వస్తోంది. వెనక సీట్లో అమ్మ, పిల్లలు. సెకండ్ గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎలాగో పక్కకు ఆపాను. అరగంట ఆగాక మళ్లీ ఏమీ జరగనట్టే పట్టింది.

ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ ముందు చక్రాలకు డ్రమ్ములు (చక్రంతో తిరిగే గిన్నెలో షూ అనే వంపు ముక్కలు ఒరుసుకుని ఆపేవి) తీసి డిస్క్‌లు (తిరిగే పళ్లేన్ని రెండు పక్కలా ప్యాడ్లు పట్టి ఆపేవి) వేసేద్దాం అంటున్నారు. బాబాయేమో కంపెనీ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచరా అంటున్నారు. నాకైతే ఆ రోజు నుంచీ టెన్షనే. మీరేమంటారు?

గోదారి_పద్మిని
బాబాయి మాటే నా మాట. నాలుగు చక్రాలకూ డ్రమ్ములతోనే ఈ బళ్లు టాక్సీలుగా కొండలెక్కి దిగాయి. నా ప్రీమియర్ పద్మినికీ నాలుగూ డ్రమ్ములే, దానితో మారేడుమిల్లి ఘాట్ ఎన్నోసార్లు దిగాను. ఒకసారి కోసి, వెల్డింగ్ చేసి, పాత భాగాలు పాత ఇనుముకి వేశాక ఆ బండి మళ్లీ 1978 బండి కాదు. ఇంకో మాట. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి అసలు రూపంలో ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చి ఉండకూడదు. మీ బండికి 2028లో 50 నిండుతాయి. ఈలోపే తొందరపడి దాన్ని పాడుచేసుకోకండి.

విశాఖ_1800
ఆ నిబంధనలో బ్రేకుల మాట లేదు కదండీ. పైగా వింటేజ్ నంబరు తీసుకుంటే రోజువారీ తిరగడానికి వీల్లేదు. ఈయన పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి ఇది.

ఆ టాక్సీల కాలంలో రోడ్డు మీద ఎదురొచ్చేది ఇంకో అంబాసిడరో, లారీనో. ఇవాళ మీ ముందున్న చిన్న కారుకి ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏర్పాటు) ఉంది, అది టక్కున ఆగిపోతుంది. మీరు ఆగరు. వేగం రెట్టింపైతే బ్రేకు మింగాల్సిన శక్తి నాలుగింతలు. అదంతా వేడిగా మారి డ్రమ్ములో చిక్కుకుంటుంది. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచించి షూకి దూరంగా జరుగుతుంది, పెడల్ ఇంకా లోపలికి పోతుంది. డిస్క్ గాలికి తెరిచి ఉంటుంది, తొందరగా చల్లారుతుంది. కంపెనీయే తర్వాత ఇసుజు 1800 ఇంజిన్ బళ్లలో ముందు డిస్క్‌లు ఇచ్చింది. అందుకే నేను నా బండికి వేయించుకున్నాను, ఈ రోజుకీ సంతోషమే.

లేత్_మేస్త్రీ
ముప్పై ఏళ్లుగా డ్రమ్ములు లేత్ పట్టించి లోపల నునుపు చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. తమ్ముడూ, ముందు ఒక్కటి చెప్పు. ఆ ఘాట్‌లో పెడల్ గట్టిగా ఉండి కూడా బండి ఆగలేదా, స్పాంజిలా మెత్తగా దిగిపోయిందా? రెండూ ఒకటి కావు. గట్టిగా ఉండి ఆగకపోతే షూ మీదుండే ఒరిపిడి పొర, అదే లైనింగ్, వేడికి పట్టు వదిలేసినట్టు. మెత్తగా దిగిపోతే బ్రేకు ఆయిలు మరిగి, గొట్టాల్లో ఆవిరి బుడగలు చేరినట్టు. ఆయిలు గాల్లో తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిలు కొత్తది 205 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టాక 140కే మరిగినా ప్రమాణం ప్రకారం సరైనదే. ఆ ఆయిలు ఎప్పుడు మార్చావు? మార్చకుండా డిస్క్‌లు వేసినా అదే ఆయిలు మళ్లీ మరుగుతుంది.

ఇక డిస్క్‌ల సంగతి. నేను వాటికి వ్యతిరేకం కాదు, సగం పనికి వ్యతిరేకం. డ్రమ్ములో షూ తిరిగే దిశకే ఒరుసుకుని తనంతట తానే బిగుసుకుంటుంది. డిస్క్‌కి ఆ సాయం ఉండదు, కాలు ఎంత బలంగా తొక్కితే అంతే. అందుకే కాలి బలాన్ని పెంచే బూస్టర్ కావాలి. బూస్టర్ పనిచేసేది ఇంజిన్ పీల్చే గాలితో. పెట్రోలు ఆదా అని దిగుడులో ఇంజిన్ ఆపేసే అలవాటు ఉన్నవాళ్లకి రెండు తొక్కుళ్ల తర్వాత అది చచ్చిపోతుంది. ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే కాలిపర్‌కి ఆయిలు ఎక్కువ కావాలి, కాబట్టి పెడల్ తొక్కగానే ఆయిలును తోసే మాస్టర్ సిలిండర్ సైజు సరిపోవాలి. డ్రమ్ముల లైనులో కొంచెం ఒత్తిడి ఎప్పుడూ నిలిపి ఉంచే వాల్వ్ ఉంటుంది. దాన్ని తీయకపోతే డిస్క్ ప్యాడ్లు వదలకుండా ఒరుసుకుంటూనే ఉంటాయి. ముందు వెనక సమతూకం కూడా చూసుకోవాలి. లేకపోతే వాన పడ్డ రోడ్డు మీద వెనక చక్రాలు ముందే బిగిసి బండి అడ్డం తిరుగుతుంది. ఇవన్నీ చేసే మేస్త్రీ అయితే సరే. వేరే బండి కాలిపర్ తెచ్చి, బ్రాకెట్ వెల్డింగ్ చేసి, పాత మాస్టర్‌తోనే పంపేసిన బళ్లు నా షెడ్డుకి వచ్చాయి. వాటి పెడల్ మొదటి తొక్కుడికి ఒకలా, రెండో తొక్కుడికి ఇంకోలా ఉండేది.

నన్నడిగితే డ్రమ్మా డిస్కా అనేదానికంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది. నీ బండిలో మాస్టర్ సిలిండర్ ఒకే లైనుది అయి ఉండాలి, చూడు. నాలుగు చక్రాలకూ ఒకే ఆయిలు దారి. ఎక్కడ ఒక్క రబ్బరు చిరిగినా నాలుగు బ్రేకులూ పోతాయి, మిగిలేది హ్యాండ్ బ్రేకే. ముందుకు ఒక దారి, వెనక్కి ఒక దారి ఉండే టాండమ్ సిలిండర్ వేయించు. నేను చేయమనే మొదటి మార్పు అదే.

గోదారి_పద్మిని
దానికి నేనూ ఒప్పుకుంటాను అన్నా, బయటికి కనపడదు, కావాలంటే వెనక్కి మార్చుకోవచ్చు. డిస్క్‌లు మాత్రం వద్దనే అంటాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఉంది, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండి మార్చకూడదని. ఏదైనా జరిగితే బీమావాళ్లు ముందు అదే అడుగుతారు.

విశాఖ_1800
సెక్షన్ మాట నిజమే. నేను చేసిన మార్పంతా ఆర్టీవో ఆఫీసుకి తీసుకెళ్లి చూపించాను. కానీ మేస్త్రీ గారూ, డ్రమ్ములు ఎంత బాగుచేసినా ఆరుగురితో, సామాన్లతో దిగేటప్పుడు పదో మలుపుకి మళ్లీ వేడెక్కుతాయి. ఆ మాట మీరు దాటేశారు.

లేత్_మేస్త్రీ
దాటేయలేదు సార్. ఎక్కేటప్పుడు ఏ గేరులో ఎక్కిందో దిగేటప్పుడూ అదే గేరులో దించాలి. ఘాట్‌లో సగం బ్రేకు ఇంజినే. మీ మాటా నిజమే, వరసగా తొక్కుతూ పోతే డిస్క్‌తో డ్రమ్ము పోటీ పడలేదు.

బెజవాడ_మార్క్3
పెడల్ మెత్తగానే దిగిపోయిందన్నా. ఆయిలు నా చేతికొచ్చాక మార్చలేదు. నిన్న చక్రాలు విప్పించాం. పాత ఆయిలు టీ డికాషన్ రంగులో ఉంది. వెనక ఎడమ చక్రంలో షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు కారుతోంది, లైనింగ్ అంతా తడి, డ్రమ్ము లోపల నల్లటి జిగురు. ముందు డ్రమ్ములో వేలుగోరు పట్టేంత గాట్లు పడ్డాయి. రబ్బరు గొట్టాలు వంచితే పగుళ్లు కనిపిస్తున్నాయి. మాస్టర్ సిలిండరూ మీరన్నట్టు ఒకే లైనుదే. ఇన్నాళ్లూ వీటి మీద పిల్లల్ని తిప్పానా అని రాత్రి నిద్ర పట్టలేదు.

డ్రమ్ములు లేత్‌కి, కొత్త లైనింగ్, కొత్త గొట్టాలు, డాట్ 4 ఆయిలు, టాండమ్ సిలిండర్. ఇది ఖాయం చేసుకున్నాను. తర్వాత ఒక్కడినే వెళ్లి అదే ఘాట్ దిగి చూస్తాను. అప్పటికీ నమ్మకం కుదరకపోతే విశాఖ అన్న దారి పడతాను, బాబాయికి నేనే చెప్పుకుంటాను.

లేత్_మేస్త్రీ
మంచిది తమ్ముడూ. తడిసిన లైనింగ్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేస్తామంటే ఒప్పుకోకు, వేడెక్కగానే నూనె మళ్లీ ఊరుతుంది. ఒక పక్క మారిస్తే రెండో పక్కా మార్చాలి, లేదంటే బండి ఒకవైపు లాగుతుంది. లేత్‌కి ఇచ్చే ముందు డ్రమ్ము మీద ఎంత మందం మిగిలిందో కొలిపించు, మరీ పలచనైతే కొత్తదే. డ్రమ్ములో దుమ్ము గాలి గొట్టంతో ఊదనివ్వకు, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిగుడ్డతో తుడవమను. పిల్లల్ని అక్కడికి రానివ్వకు.