వెనుక లాగే ట్రైలర్‌కు కంకర దెబ్బలు తగలకుండా ఏమి చేయాలి?

ప్రశ్న: తిరుపతి నుంచి ఒక ప్రయాణికుడు

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. రెండేళ్ల కిందట రేణిగుంట రోడ్డులోని ఒక షెడ్డులో చిన్న ట్రైలర్ కట్టించుకున్నాము. ఇనుప చాసిస్ మీద ప్లైవుడ్, దానిపైన అల్యూమినియం రేకు వేశారు. లోపల నలుగురు పడుకోవచ్చు, అడుగున అరవై లీటర్ల నీళ్ల ట్యాంకు ఉంది. దానిని బొలెరోకు తగిలించుకుని, సెలవులు వచ్చినప్పుడల్లా అమ్మానాన్నలతో, పిల్లలతో కాణిపాకం, హార్స్‌లీ హిల్స్, తలకోన వైపు వెళ్లి వస్తుంటాము.

పోయిన నెల భాకరాపేట ఘాట్ మీదుగా తలకోనకు వెళ్లాము. ఘాట్ దాటాక కొంత దూరం రోడ్డు గీకి కంకర పరిచి ఉంది. నెమ్మదిగానే నడిపాను గానీ, వెనుక టప టపమని చప్పుడు వస్తూనే ఉంది. అక్కడికి చేరాక చూస్తే ముందువైపు రేకు మీద మోకాలి ఎత్తు వరకు పదిహేను ఇరవై సొట్టలు పడ్డాయి, రెండు చోట్ల రేకు చిరిగి లోపలి చెక్క కనబడుతోంది. మా అమ్మ రాత్రి మాత్ర వేసుకుందామని కొళాయి తిప్పితే చుక్క నీరు రాలేదు. ట్యాంకు అడుగున నీళ్లు వదిలే ప్లాస్టిక్ కొళాయి రాయి తగిలి విరిగిపోయి, నీళ్లన్నీ దారిలోనే కారిపోయాయి.

ముందువైపు మందపాటి ఇనుప ప్లేటు వెల్డింగు చేయించమని షెడ్డువారు అంటున్నారు. బరువు పెరుగుతుందని నాకు సందేహంగా ఉంది. కార్లకు అంటించే రక్షణ ఫిల్మ్ సరిపోతుందని మరొకరు చెప్పారు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు 1: చిత్తూరు లారీ మెకానిక్

అన్నగారికి నమస్కారం. ప్లేటు సంగతి తరువాత చూద్దాం, ముందుగా ఆ సొట్టలు ఎక్కడెక్కడ పడ్డాయో ఒకసారి దగ్గరగా పరిశీలించండి. రేకు అంతటా సమానంగా పడ్డాయా, లేక బొలెరో వెనుక టైర్లకు సరిగ్గా సూటిగా కుడివైపు ఒక పట్టీ, ఎడమవైపు ఒక పట్టీలాగా పడ్డాయా? రెండవ విధంగా ఉంటే ఆ రాళ్లు ఎదుటి బండ్లు విసిరినవి కావు, మీ బండి టైర్లే విసిరినవి. టైరు గాళ్లలో ఇరుక్కున్న కంకర పైకి లేచి వెనక్కు వస్తుంది, అదే సమయంలో ట్రైలర్ ముందుకు దూసుకొస్తూ దానిని ఢీకొంటుంది. అందువల్ల రాయిని ఆపవలసిన చోటు టైరు వెనుకే గాని, ట్రైలర్ ముఖం మీద కాదు.

బొలెరోతో వచ్చే మడ్‌ఫ్లాపులు ఈ పనికి చాలవు. క్వారీల్లో, క్రషర్లలో వాడి తీసేసిన కన్వేయర్ బెల్టు రబ్బరు పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. లోపల గుడ్డ పొరలు ఉండడం వల్ల అది తొందరగా చిరగదు. దానిని టైరు కంటే రెండు పక్కలా రెండేసి అంగుళాలు ఎక్కువ వెడల్పుగా కోయించి, కింది అంచు నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తున ఉండేటట్లు వేలాడదీయండి. ట్రైలర్‌ను, సామానును, మనుషులను ఎక్కించిన తరువాతే ఈ ఎత్తు కొలవాలి, ఎందుకంటే బరువు పడగానే బండి వెనుక భాగం దిగుతుంది. మరీ కిందికి ఉంటే రివర్సు తీసేటప్పుడు టైరు కింద చిక్కుకుని ఊడిపోతుంది. సైలెన్సరు గొట్టానికి జానెడు దూరం తప్పక వదలండి, వేడికి రబ్బరు కరిగిపోతుంది.

ఇనుప ప్లేటును నేను వద్దనడానికి బరువు ఒక్కటే కారణం కాదు. అది ముందుభాగంలో ఉంటే హుక్కు మీద భారం పెరుగుతుంది, నిజమే. అంతకంటే పెద్ద ప్రమాదం ఏమిటంటే, గట్టి ప్లేటుకు తగిలిన రాయి తిరిగి బొలెరో వెనుక అద్దం మీదికే ఎగురుతుంది. ముందు అద్దానికి మధ్యలో ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అది పగిలినా నిలుస్తుంది. వెనుక అద్దం అటువంటిది కాదు, ఒక్క రాయి గట్టిగా తగిలితే మొత్తం పలుకులు పలుకులుగా రాలుతుంది. వెనుక సీట్లో మీ పిల్లలు ఉంటారు, అది గుర్తుంచుకోండి.

ఆస్ట్రేలియాలో మట్టి రోడ్ల మీద కారవాన్లు లాగేవారు దీనికి వలను వాడతారు. మన మదనపల్లి వైపు నర్సరీలకు కట్టే షేడ్ నెట్‌ను రెండు మూడు మడతలు వేసి, హుక్కు నుంచి ట్రైలర్ వరకు ఉన్న త్రికోణపు ఫ్రేము మీద పడవ ముక్కు ఆకారంలో కట్టించండి. బిగించి లాగకూడదు, కొద్దిగా వదులుగా ఉండాలి. అప్పుడు రాయి వేగం వలలోనే చచ్చిపోయి కిందికి జారుతుంది. హెయిర్‌పిన్ మలుపులో ఆ ఫ్రేము బొలెరో బంపరుకు తగలకుండా ఉంటుందో లేదో ఖాళీ మైదానంలో తిప్పి చూసుకున్నాకే ఘాట్ ఎక్కండి.

జవాబు 2: పలమనేరు గృహిణి

మేము కూడా అయిదేళ్లుగా ట్రైలర్‌తో తిరుగుతున్నాము. పై జవాబులో మెకానిక్ అన్నగారు చెప్పినదంతా సరైనదే, అయితే కంటికి కనబడే ముందు రేకు కన్నా, కనబడని అడుగు భాగమే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. మొగిలి ఘాట్‌లో మా ట్రైలర్ టైరు పేలినప్పుడు, ఊడిన తొక్క తిరుగుతూ తిరుగుతూ చక్రం పైనున్న పలుచని చెక్కను చీల్చి, బ్రేకు లైట్ల వైర్లను తెంపేసింది. చీకట్లో వెనుక లైట్లు లేకుండా పది చక్రాల టిప్పర్ల మధ్య నిలబడిన ఆ అరగంటను నేను ఇప్పటికీ మరచిపోలేను.

ఆ టైరు గాళ్లు కొత్తవాటిలాగే ఉన్నాయి, వయసే అయిపోయింది. టైరు పక్కన డాట్ (DOT) అనే ఇంగ్లిషు అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. ట్రైలర్ నెలల తరబడి ఎండలో కదలకుండా నిలబడి ఉంటుంది కనుక గాళ్లు అరగకపోయినా రబ్బరు పక్కలు బీటలు వారతాయి. గాలి కూడా బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఆ తరువాత మేము చక్రాల పైన రేకు తొడుగు వేయించాము, వైర్లన్నింటినీ గొట్టంలో పెట్టి చాసిస్ చానల్ లోపలి నుంచి నడిపించాము. మీ నీళ్ల కొళాయిని కూడా చక్రం దారిలో నుంచి తప్పించి చాసిస్ పట్టీ వెనుకకు మార్చి, ఇత్తడిది వేయించండి. అడుగున గ్యాసు గొట్టం ఉంటే దానికి అన్నిటికంటే ముందు తొడుగు వేయించండి.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈ ఉదయం టేపు పట్టి కొలిచాను. సొట్టల్లో మూడు తప్ప మిగిలినవన్నీ బొలెరో టైర్లకు సూటిగానే ఉన్నాయి. చిరిగిన చోట స్క్రూడ్రైవరుతో తాకితే చెక్క మెత్తగా, తడిసిన బిస్కెట్టులాగా దిగిపోతోంది. దీనికి ఏమి చేయాలి?

జవాబు 3: చిత్తూరు లారీ మెకానిక్

అన్నా, అయితే దానికి ఈ వారమే పని పెట్టండి. నీరు రేకు వెనుక కిందికి పాకుతుంది కాబట్టి పైకి కనబడే రంధ్రం కంటే లోపలి కుళ్లు పెద్దదిగా ఉంటుంది. గట్టి చెక్క తగిలేవరకు మెత్తని భాగాన్ని కోసి తీసి, రెండు మూడు రోజులు బాగా ఆరనిచ్చి, మెరైన్ ప్లైవుడ్ ముక్క అతికించి, పైన అల్యూమినియం రేకు అతుకు వేయించండి. అంచులకు సిలికాన్ వద్దు, దాని మీద రంగు పట్టదు. పాలీయురేథేన్ సీలెంటు వాడండి. ఇనుప బోల్టు నేరుగా అల్యూమినియానికి తగిలితే తేమకు రేకు తినేస్తుంది కనుక మధ్యలో రబ్బరు వాషరు పెట్టించండి.

ఫిల్మ్ గురించి అడిగారు. అది 150 నుంచి 200 మైక్రాన్ల మందమే ఉంటుంది. రంగు గీసుకుపోకుండా కాపాడుతుంది గానీ సొట్టను ఆపదు, సొట్టలున్న రేకు మీద సరిగా అంటదు కూడా. ఆ డబ్బును ముందుగా ఫ్లాపులకు, వలకు పెట్టండి.

కంకర పరిచిన చోట మాత్రం వేగం తగ్గించడాన్ని మించిన ఉపాయం లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుంచి 60కి దిగితే రాయి దెబ్బ బలం దాదాపు సగానికి పడిపోతుంది, 40కి దిగితే నాలుగో వంతే మిగులుతుంది. టిప్పరు వెనుక పడినప్పుడు దాటేయాలని తొందరపడకుండా, దాని దుమ్ము మీ అద్దం మీద పడనంత దూరంలో ఉండండి. వల కట్టించాక మొదటి ప్రయాణం అయిన తరువాత దాని అడుగున ఎన్ని రాళ్లు చిక్కుకున్నాయో చూసి ఇక్కడ రాయండి, ఇంకో మడత వేయాలో అక్కరలేదో దానిని బట్టి చెబుతాను.