పాట మీద మనసు విరిగితే

ప్రశ్న: విడిపోయిన మనిషితో కలిసి విన్న పాటను ఇప్పుడు వినలేకపోతే "ఆ పాట మొహం మొత్తింది" అనొచ్చా?

జవాబు: అది నప్పదండీ. అతి అయితేనే మొహం మొత్తుతుంది. తీపి ఎక్కువ తిన్నా, ఒకే పాట రోజంతా మోగినా అంతే. కొన్నాళ్లు ఆగితే మళ్లీ రుచిస్తుంది. మీరడిగే పాట మీద ఇష్టం ఎక్కడికీ పోలేదు, వినడమే కుదరట్లేదు. పల్లవి ఎత్తుకోకముందే, మొదటి వాయిద్యం మోగగానే చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. చరణానికి ముందొచ్చే ఫ్లూట్ బిట్‌ని ఆ మనిషి ఎప్పుడూ కాస్త శ్రుతి తప్పి కూనిరాగం తీసేవాడనుకోండి. ఇప్పుడు ఫ్లూట్ ఎంత చక్కగా పలికినా చెవిలో ఆ తప్పిన శ్రుతే మోగుతుంది.

దీనికి "మనసు విరిగింది" అన్నదే సరైన మాట. "పాట పాడైంది" అంటే నేరం పాటదవుతుంది. "పాట మీద మనసు విరిగింది" అంటే విరిగింది మనసే, పాట చెక్కుచెదరలేదు. మన వాక్యంలోని ఈ న్యాయం నాకు చాలా ఇష్టం.

వేమన పద్యం గుర్తుందిగా:

ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు
కాచి యతుకవచ్చు క్రమముగాను
మనసు విరిగెనేని మరి యంటనేర్చునా
విశ్వదాభిరామ వినురవేమ

ఇనుముకి "అతుకవచ్చు" అన్నాడు, అంటే ఆ పని ఇంకొకరు చేస్తారు. మనసు దగ్గరికొచ్చేసరికి "అంటనేర్చునా" అన్నాడు. అంటుకోవడం మనసుకే చేతకావాలి, బయటివాళ్లు కాచి అతికేది కాదు. "మర్చిపోయి వినెయ్" అనే సలహా అందుకే పనిచెయ్యదు.

ప్రశ్న: అయితే ఆ పాట ఇక పోయినట్టేనా అండీ?

జవాబు: అలా అనుకోనక్కర్లేదు. విరిగింది పాట వల్ల కాదు కదా. తెలిసిన సంగీతమూ దాంతో ముడిపడ్డ సొంత జ్ఞాపకమూ నుదుటి వెనక ఉన్న మెదడు భాగంలో కలుస్తాయని కాలిఫోర్నియాలో చేసిన ఒక పరిశోధన 2009లో చూపించింది. అందుకే పాట మొదలవగానే మనిషీ వచ్చేస్తాడు. అయితే ఆ ముడి చాలావరకు మనం విన్న ఆ గొంతుకీ ఆ రికార్డింగుకీ పడి ఉంటుందని నా నమ్మకం. అదే పాటని ఇంకొకరు నెమ్మదిగా పాడగా వినండి, లేదా మాటల్లేకుండా ఒక్క వీణ మీద వినండి. ముందు ఒక్క చరణం చాలు. పాత రికార్డింగు జోలికి మాత్రం ఇప్పుడే పోకండి.