బ్రిస్బేన్ పాత కార్మికుల చెక్క ఇళ్లు: ఉంచాలా, కూల్చనివ్వాలా?

కరీంనగర్_కిరణ్: నండాలో పాత చెక్క ఇల్లు కొన్నాం, పడగొట్టి డ్యూప్లెక్స్, అంటే పక్కపక్కన ఆనుకున్న రెండు ఇళ్లు, కట్టుకుందామని. 1946లోనో అంతకు ముందో కట్టిన ఇల్లట, కూల్చాలంటే అనుమతి కావాలట. అమ్మిన ఏజెంట్ ఈ మాటే ఎత్తలేదు. రెండు గదులు, రేకుల కప్పు, ఒక్క పొర చెక్క గోడ. జనవరి ఇక్కడ ఎండాకాలం, ఉడికిపోతున్నాం. ఇది వారసత్వమా? ఎవరి వారసత్వమండీ?

పద్మ_బ్రిస్బేన్: కిరణ్, మీ నండాలోనే సర్రే స్ట్రీట్‌లో 1910 నాటి వర్కర్స్ డ్వెల్లింగ్ (కార్మికుల ఇల్లు) నంబర్ 1 ఉంది. అలాంటి ఇళ్ల కోసమే 1909లో మన క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో చట్టం తెచ్చారు. స్థలం ఉండి ఇల్లు లేనివాళ్లు, ఏడాది సంపాదన 200 పౌండ్లు దాటనివాళ్లు కట్టుకోవడానికి ప్రభుత్వమే అప్పిచ్చింది. అంతకు ముందే 1885 చట్టం ప్లాటు 16 పెర్చ్‌లకు, అంటే సుమారు 405 చదరపు మీటర్లకు తగ్గకూడదంది. అందుకే కూలివాడికి కూడా పెరడు దక్కింది. రాజుల కోటలు ఎవరైనా కాపాడతారు.

వైజాగ్_సూరి: ఏ ఇళ్లకు ఈ రూలు ఉందో చూపే సిటీ ప్లాన్ మ్యాప్ చూడకుండా సంతకం పెట్టారా?

కరీంనగర్_కిరణ్: లాయర్‌ని పెట్టుకున్నాం. ఆయనా చెప్పలేదు.

రవి_సివిల్: ఒక్క పొర అని తీసిపారేయకండి. ఫ్రేమ్ బయటికే కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పుచ్చినా తెలిసిపోతుంది. ఇల్లు నిలబడ్డ స్టంపుల (పొట్టి స్తంభాల) తలల మీద రేకు టోపీలు చూశారా? చెదలు పైకెక్కాలంటే ఆ అంచు చుట్టూ మట్టి గొట్టం కట్టుకురావాలి. టార్చి వేస్తే దొరికిపోతాయి. కాంక్రీటు స్లాబు ఇంట్లో అంత తేలిగ్గా కనిపెట్టలేం.

కరీంనగర్_కిరణ్: చెదల గురించి నేనడగలేదు. వరండా రెయిలింగ్ రంగు గురించి చెప్పండి. ఆ కమ్మీల రంగులో సీసమే పిల్లలకు విషమవుతోందని 1904లో ఇదే ఊళ్లో డాక్టర్ లాక్‌హార్ట్ గిబ్సన్ చెప్పాడు. మా పాపకి రెండేళ్లు, ఆ కమ్మీ పట్టుకునే నిలబడుతుంది.

పద్మ_బ్రిస్బేన్: రంగు తీయించుకోవచ్చు. దానికి ఇల్లు కూల్చాలా?

కరీంనగర్_కిరణ్: తీయించే ఖర్చు మీరిస్తారా?

రవి_సివిల్: పొడిగా మాత్రం రుద్దించకండి, ఆ దుమ్ము ఇంకా ప్రమాదం. ముందు టెస్ట్ చేయించండి.

సునీత_స్టూడెంట్: అద్దె ఇల్లు చూడ్డానికి పోతే గేటు దాకా క్యూ. ఒక్క కుటుంబమున్న చోట ఆరు కుటుంబాలు ఉండగలిగితే ఉండనివ్వండి, ప్లీజ్.

పద్మ_బ్రిస్బేన్: నేను పుట్టింది బొగ్గుగని ఊళ్లో. మేం పెరిగిన క్వార్టర్ల లైను ఇప్పుడు లేదు, ఖాళీ నేల. అక్కడ అంతమంది బతికారంటే మా పిల్లలు నమ్మరు. ఇక్కడ మిగిలినవైనా ఉండనివ్వమంటే మీకందరికీ అంత కోపమేంటి?

కరీంనగర్_కిరణ్: అక్కా, అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మీరు సిటీ దగ్గర ఎప్పుడో కొనుక్కున్నారు. చుట్టూ ఏదీ మారకూడదంటే మీ ధర పెరుగుతూనే ఉంటుంది. మాలా తర్వాత వచ్చినవాళ్లలో చాలామంది గంట దూరం నుంచి రావాలి. మీ వారసత్వానికి అద్దె కట్టేది మేం.

వైజాగ్_సూరి: ఇదీ అసలు సంగతి.

పద్మ_బ్రిస్బేన్: ధర పెరిగింది, కాదనను. మీ డ్యూప్లెక్స్‌లో సునీతకి అద్దెకు గది దొరుకుతుందా? మా వీధిలో ఒకాయన ఇలాంటి ఇల్లే పైకి లేపి, కింద గ్యారేజీ పెట్టి, లోపలి గోడలన్నీ పీకించాడు. వీధివైపు ముఖం మిగిలింది, రూలు కాపాడేది దాన్నే. కూల్చినా, ఇలా ఉంచినా, రెండు దారుల్లోనూ కూలివాడు పోయాడు. నా బాధ అది. 1909లో ఇచ్చినట్టు ఏజ్డ్ కేర్‌లో (ముసలివాళ్ల సంరక్షణలో) పనిచేసే మన ఆడపిల్లలకి, టాక్సీ తోలే కుర్రాళ్లకి ఈరోజు అప్పిచ్చి స్థలం చూపిస్తే, మీ ఇల్లు కూల్చమని నేనే అర్జీ పెడతా.

కరీంనగర్_కిరణ్: ఆ అప్పు ఎవరూ ఇవ్వరు. అందాకా నేను ఆ రేకుల కిందే ఉండాలా?

రవి_సివిల్: వెనకవైపు పెంచుకోవడానికి అడగండి. కప్పు కింద ఇన్సులేషన్ వేయించండి. మీ ప్లాన్ పంపితే చూస్తాను.

సునీత_స్టూడెంట్: పద్మ ఆంటీ, ఆ అర్జీ మీద నా సంతకం కూడా.